దుమ్ము పట్టని పుట

ఇప్పటి పిల్లలు తమ పరిశోధన ఏ జర్నల్‌కు పంపాలో కంప్యూటర్‌ను అడిగి తేల్చుకుంటున్నారు. అరవైల మొదట్లో, అనంతపురంలో నేను కుర్ర లెక్చరర్‌గా ఉన్నప్పుడు, అడగడానికి నాకున్న దిక్కు ఇద్దరే. ఒకరు మా పెద్దసారు. ఆయన దేనికైనా "చూద్దాం" అనేవారు (చూసిన దాఖలా మాత్రం లేదు). రెండోవాడు లైబ్రరీ అటెండరు. తాళంచెవుల గుత్తి మొలకు కట్టుకుని తిరిగేవాడు గనక అందరికీ బీరువా అన్న.

నా వ్యాసం విమానం రెక్క మీద గాలి ఎట్లా పారుతుందన్న దాని మీద. రెక్కల నమూనాలు చెక్కింది మాత్రం బుక్కరాయసముద్రం నుంచి రోజూ నడిచొచ్చే వడ్రంగి సాయిబు తాత. నమూనాల మీదికి గాలి తోలి పరీక్షించే గాలి సొరంగం (విండ్ టన్నెల్) కొనే తాహతు మాకు లేకపోతే, ఆయనే పొడవాటి చెక్కపెట్టె ఒకటి చేసి ఆషాఢ గాలికి ఎదురుగా నిలబెట్టాడు. (మేము వానకు మొహం వాచామే గానీ గాలికి ఏనాడూ కాదు.) పదకొండు రెక్కలు చెక్కించి పది పక్కన పడేయించాను. తాత విసుక్కోలేదు. ఒక్కటే అడిగాడు: "ఆ పుస్తకంలో నా పేరు ఏపిస్తావా సార్? నా పేరు అచ్చులో యాడా లేదు. ఒకసారి చూసుకోవాలని ఉండాది." వేయిస్తానని, తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను.

ఇక జర్నల్ సంగతి. మన దేశపుది పల్చగా, నాసిరకం కాగితంతో ఉండేది. విదేశాలది లావుగా, నున్నటి అట్టతో ఉండేది. బీరువా అన్న రెండింటి మీదా వేలితో గీత గీశాడు. "చూడు సార్, ఈ లావుదాని మీద ఎంత దుమ్ముండాదో. సన్నదాన్ని అందరూ తీస్తాండారు, దుమ్ము నిలవదు. మన ఊరి దుమ్ము అబద్ధం చెప్పదు." దుమ్మును అడిగి జర్నల్ ఎంచుకుంటే నలుగురూ నవ్వరా అని లావుదానికే పంపాను. నిజానికి నాకు ఆ అట్ట మీద మోజు. గాలి వేగాన్ని ఎట్లా అదుపు చేశారని ఆ జర్నల్ వాళ్లు అడిగితే, 'ఆషాఢ మాసం' అని రాయలేక రెండు నెలలు తల పట్టుకున్నాను. ఎట్లాగో రెండేళ్లకు అచ్చయింది. చివర చిన్న అక్షరాల్లో తాతకు కృతజ్ఞతలు. అప్పటికి నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరాను. తాతకు చూపించాలన్న సంగతి, సిగ్గుపడుతూ చెబుతున్నాను, మరిచేపోయాను.

అచ్చయిన నాలుగేళ్లకు ఏదో పని మీద అనంతపురం వెళ్లి లైబ్రరీలోకి తొంగిచూశాను. లావు సంపుటాలన్నీ దుమ్ములో ఉన్నాయి, ఒక్కటి తప్ప. తీస్తే నా వ్యాసం చివరి పుట దగ్గర దానంతటదే తెరుచుకుంది. తాత పేరు కింద కాగితం వేలి మరకలతో నల్లబడి ఉంది.

"ఇది చదివేది ఎవరు, అన్నా?" అని బీరువా అన్నను ఆశగా అడిగాను.

"చదివేదా? ఆయప్పకు చదువు యాడిది సార్! ప్రతి శుక్రవారం నమాజు అయినాక వచ్చేవాడు. నేనే పేరు ఎతికి చూపించినా. దాని మీద వేలు పెట్టి కూచునేవాడు. 'సార్ మాట తప్పలేదప్పా' అనేవాడు. పోయిన నెలలోనే పోయినాడు."

ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను. ఏ జర్నల్ మంచిదని శిష్యులు అడిగితే గంభీరంగా గొంతు సవరించుకుంటాను, అట్ట చూసి మోసపోయిన ఆ కుర్ర లెక్చరరు గుర్తొచ్చి నవ్వుకుంటాను. నేను రాసినదాన్ని అన్నిసార్లు తీసి చూసినవాడు తాత ఒక్కడే. పుట తెరిచి చూపించాల్సినవాణ్ణి నేను.