వదిన రాయని తెలుగు పేపరు

మా వదిన పోయిందన్న కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. వేముల నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పాయ బావా. పొద్దున పొయ్యి కాడ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపాయ." నేను వెంటనే బయలుదేరలేదు. బోర్డు మీద సగంలో ఉన్న పద్యపాదానికి గణవిభజన పూర్తి చేసి, సుద్దముక్క కింద పెట్టాను. ఆ విద్య నాకు నేర్పింది వదినే.

మాది పెద్దముడియం దగ్గర పల్లె. ఎన్నికల పగలతో ఊరు రెండుగా చీలిన రోజులవి. బస్సు దిగి ఇంటికి వస్తున్న మా అన్నను నలుగురు పట్టపగలు వీధిలో నరికి చంపారు. కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడిన వదిన ఆ నలుగురినీ చూసింది. వదినకు అప్పుడు ఇరవై ఏళ్ళు. నాకు పద్దెనిమిది.

అన్న దినకర్మ రోజే నా ఇంటర్ తెలుగు పరీక్ష. రాయలేకపోయాను. మిగతావన్నీ పాసై ఆ ఒక్కటి మిగిలింది. మళ్ళీ రాయాలంటే జమ్మలమడుగు పోవాలి, ఆ బస్సు ఎదుటివర్గం వీధి మీదుగా పోతుంది కాబట్టి నాయన నన్ను గడప దాటనివ్వలేదు. ఒక సంవత్సరమంతా ఇంట్లోనే. విచిత్రమేమిటంటే వదినకూ అదే పేపరు మిగిలి ఉంది. పులివెందులలో ఆమె ఇంటర్ చదువుతున్నప్పుడు తెలుగు పరీక్ష నాడే మా ఇంటివాళ్ళు తాంబూలాలు పెట్టుకున్నారు.

"ఇద్దరం రాద్దాం అబ్బీ. ఇంట్లో కూచోని సదివితే రాకపోతాదా?" అంది.

పొద్దున వంట అయ్యాక నాపబండల నేల మీద సుద్దముక్కతో గురువులు, లఘువులు వేసేది. పుస్తకంలో పద్యాలు అయిపోతే ఇంట్లో వస్తువులకు గణాలు చెప్పించేది. చీపురు అంటే భగణం. గొడ్డలి అన్నా భగణమే. ఒకసారి "కొళాయి, జగణం" అని ఆగిపోయింది. కొంగుతో ఆ అక్షరాలు తుడిచేసి, "ఇంగోటి చెప్పు" అంది. నేను తప్పు రాసి గీతలు కొట్టేస్తే ఊరుకునేది కాదు. "తప్పును కొట్టేయొద్దు. పక్కన సరైంది రాయి. రెండూ కనపడాల" అనేది. నవ్వేది తక్కువ. నాకు అర్థమైనప్పుడు మాత్రం పెదవి ఒక పక్కకు వంచేది. దాని కోసం నేను రాత్రంతా బట్టీ పట్టేవాణ్ణి.

పరీక్షలకు నెల ముందు మా వర్గం నాయకుడు పార్టీ మారాడు. అన్నను చంపినవాళ్ళు అప్పటికే ఆ పార్టీలో ఉన్నారు. రాజీ కుదిరింది. నాయన వదినను వసారాలోకి పిలిచాడు.

"కోర్టులో ఏమీ సూడలేదని చెప్పు."

"నేను సూస్తి కద మామా."

"సూసినావు. పోయినోడు తిరిగొస్తాడా? ఈడుండే నా రెండో కొడుకు బస్సెక్కాల్నా వద్దా?"

వదిన నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

జమ్మలమడుగు కోర్టులో ఆమె నిలబడి, "నేను ఇంట్లో ఉంటి. ఏమీ సూడలేదు" అంది. ఆ నలుగురూ బయటికి వచ్చి మా నాయనతో కలిసి టీ తాగారు. ఒకడు నా భుజం తట్టి బాగా చదువుకోమన్నాడు.

హాల్‌టికెట్లు రెండూ పోస్టులో వచ్చాయి. నాయన వాటిని ఇనప్పెట్టెలో పెట్టాడు. "ఆమెను టౌనుకు పంపితే ఎవురితోనన్నా ఇంగో మాట అంటాది. వద్దు" అని నాతో చెప్పాడు. వదినకు చెప్పలేదు.

పరీక్ష రోజు పొద్దున పొలానికి పోతూ నాయన తాళం నా చేతికిచ్చాడు. పెట్టె తెరిచాను. నాది పైన, ఆమెది కింద. ఫోటోలో వదిన ఎటో చూస్తోంది. నాది తీసుకుని పెట్టె మూశాను.

వదిన కొత్త పెన్ను పట్టుకుని, తల దువ్వుకుని, గడప దగ్గర ఉంది.

"నాది కనపడిందా అబ్బీ?"

"లేదు వదినా."

చేతిలోని పెన్ను నా జేబుకు తగిలించింది. "గణవిభజన వస్తే ముందు అదే రాయి. బస్సు పోతాది, పో."

వచ్చింది. ముందు అదే రాశాను. నూటికి ఎనభై ఎనిమిది వచ్చాయి. ఆ ఎండాకాలమే వదిన వేములలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. కూలికి పోయింది, తర్వాత బడిలో వంట చేసింది. అన్నం వడ్డిస్తూ పిల్లలచేత గుణింతాలు చెప్పించేదట.

కంటి ఆపరేషన్‌కు ఒక్కసారి ప్రొద్దుటూరు వచ్చింది. ఆస్పత్రిలో నేనే పక్కన కూర్చున్నాను. కంటికి కట్టు ఉంది. ఉన్నట్టుండి అంది: "ఆ పొద్దు పెట్టె మూసిన సప్పుడు నాకు ఇనపడింది అబ్బీ. కోర్టులో నేను చెప్పిన అబద్ధం నీ కోసరం. నువ్వు చెప్పింది ఎవురి కోసరం?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. "ఆటో వచ్చిందేమో సూడు" అంది.

మొన్న వేములలో వదినను పూడ్చి మట్టి ఇచ్చాక ఎవరో, "సార్, మీరు చదువుకున్నోళ్ళు, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. బడిపిల్లలు కూడా వచ్చారు. అందరూ నా నోటి వైపు చూశారు. "మంచి మనిషి" అన్నాను. ఇంకేమీ రాలేదు. ఇంతలో పెద్ద చినుకులతో వాన అందుకుంది. జనం షామియానా కింది ప్లాస్టిక్ కుర్చీలు తీసి నెత్తిన బోర్లించుకుని, ఎర్రమట్టి గట్టు మీద ఒకరి వెనక ఒకరు ఊళ్ళోకి నడిచారు. పిల్లలు ఇద్దరేసి ఒక్కో కుర్చీ కింద దూరారు. నాకు కుర్చీ మిగల్లేదు.