క్రిస్మస్ నవలకు మూడు ఆదివారాలు

డిసెంబరు ఇరవై మూడు, శనివారం. సింగరాయకొండలో ఎక్కిన రైల్లో నా ఎదుట కూర్చున్న యువ ఉపాధ్యాయిని ఒక ఇంగ్లీషు నవల అంచుల్లో పెన్సిలుతో తెలుగు రాసుకుంటోంది. అది క్రిస్మస్ నాటి ప్రేమకథ. నెలంతా, పత్తి తీసి వచ్చిన స్త్రీలకు చర్చిలో రోజుకొక అధ్యాయం చెబుతోందట. ఆ సాయంత్రం ఆఖరిది.

“ఈ నవల్లో వాళ్ళు ఇరవై రెండున అడిగి, ఇరవై అయిదున పెళ్ళి చేసేసుకున్నారండి. వినే మావాళ్ళు ఒప్పుకోరు. మూడు ఆదివారాలు ప్రకటన చదవొద్దూ?”

పెళ్ళికి ముందు పాస్టరు గారు మూడు ఆదివారాలు జంట పేర్లు చదివి, అభ్యంతరముంటే చెప్పమని అడుగుతారని నాకప్పుడే తెలిసింది. ఈ ఏటి క్యాలెండరు లెక్కించి, అబ్బాయి తొమ్మిదో తేదీలోపే అడగాలన్నాను.

“అతను అడిగేది మంచు కురుస్తుండగా. అప్పటికింకా మంచు పడలేదండీ!” అని నవ్వింది.

పక్కనున్న స్నేహితురాలు ఆమెను గిల్లింది. “ముందు నీ ప్రకటన సంగతి చూసుకోవే. రేపు మూడోది.”

ఆమె తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటున్నందుకు, రేపు చర్చిలో లేచి కాదంటానని ఆమె పెదనాన్న బెదిరించాడట.

“అందుకే నవల్లో ఒక పెదనాన్నను పెట్టానండి. లేచి నిలబడ్డాడు. ఎలా కూర్చోబెట్టాలో తోచట్లేదు.”

“అమ్మాయి ఏడ్చిందని రాయండి,” అన్నాను.

“ఏడిస్తే కూర్చునే రకం కాదండి.”

చీరాల వస్తుండగా గబగబా ఒక వాక్యం రాసి చూపింది: ‘ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య లేచి, కూర్చోవయ్యా అంది.’

“మా పెద్దమ్మ ఈ సాయంత్రం వినడానికొస్తుందండి,” అంటూ దిగిపోయింది.