దుర్గయ్యకు నచ్చని పొయ్యిలు

దుర్గయ్య అడవిలోని అన్నలకు పొయ్యిలు మోస్తున్నాడని ఊరంతా చెవులు కొరుక్కుంది. పొగ రాని పొయ్యి దాక్కునేవాళ్లకు గాక ఇంకెవరికట! వట్టి మాట. ఆ మనిషికున్న జబ్బు ఒక్కటే. తెచ్చిన పొయ్యి ఏదీ రెండో పూటకు నచ్చేది కాదు. కావాలంటే అతని భార్య సత్యవ్వ కళ్లనడగండి. పచ్చి పత్తికట్టె పొగకు అవి ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉండేవి.

దుర్గయ్య సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. సెలవు దొరికితే చాలు, పాత సామాన్ల దుకాణంలో ఏదో ఒక పొయ్యి పట్టుకుని, సొట్టలు తీయించి, కొడిమ్యాల పక్కనున్న సొంతూరికి బస్సెక్కేవాడు.

మొదట పంపు స్టవ్వు తెచ్చాడు. నీలి మంట చూసి సత్యవ్వ మురిసిపోయింది. దుర్గయ్య నాలుగు ముద్దలు తిని కంచం జరిపాడు.

“ఏందయ్యా?”

“గీ సప్పుడుకు ఆకలే సచ్చింది. మగ్గాల కాడ గిదే మోత, ఇంటికాడ గిదే మోతనా?”

తెల్లారేసరికి స్టవ్వు మాయం. సత్యవ్వ మళ్లీ ఊదుగొట్టం అందుకుంది.

తర్వాత వత్తుల స్టవ్వు. దానికి చప్పుడు లేదు.

“పప్పు గాసునూనె కంపు కొడుతుంది,” అన్నాడు దుర్గయ్య, గిన్నె అడుగుదాకా ఊడ్చి తిన్నాక. అదీ పోయింది.

ఆఖరికి పొట్టు పొయ్యి వచ్చింది. డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ రంపంపొట్టు దట్టించి, రోకలి లాగేస్తే అయిపోయె. ఒక్కసారి అంటిస్తే ఇక ఊదే పని లేదు.

“గీ ఒక్కటి ఉండనియ్యి. ఊది ఊది నా పానం యాష్టకొచ్చింది,” అంది సత్యవ్వ.

“అన్నం మెత్తగైంది.”

“నీళ్లు ఎక్కువ పోసింది నేను. పొయ్యి కాదు!”

“అయినా దీని మొకం మంచిగ లేదు.”

పొద్దున్నే దాన్ని నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే పోలీసు జమేదారు ఆపాడు. సంగతి తెలిసి సత్యవ్వ పరుగెత్తింది.

“ఏ దళానికిరా?”

“దళానికి కాదు సారూ. రుచి లేదని ఇచ్చేస్తున్న.”

“పొయ్యికి రుచేందిరా?”

జమేదారు చెయ్యి ఎత్తేలోగా మొగిలవ్వ అడ్డమొచ్చింది. ఆ ఊరి మనిషే, వంటకు గుట్టమీద కట్టెలు ఏరుకొచ్చుకుంటుంది.

“అది నాకే సారూ! మొన్న నా కట్టెల మోపు విప్పించి తుపాకులున్నయా అని ఎతికింది మీరే గద? ఆ మాపే అన్నలు ఆపి, పోలీసులకేం చెప్పినవని అడిగిరి. పొయ్యుంటే గుట్టకు పోవుడే ఉండదని దుర్గన్న ఇస్తుండు. ముందుగాల తెచ్చినయి అంజవ్వకూ, లింగవ్వకూ గిట్లనే ఇచ్చిండు.”

జమేదారు డబ్బాను లాఠీతో తట్టి చూశాడు. రంపంపొట్టు రాలింది. “పోండి,” అన్నాడు.

ఇంటికొచ్చాక సత్యవ్వ పొయ్యిలో పత్తికట్టె పెట్టి, ఊదుగొట్టం మొగుడి చేతికిచ్చింది. దుర్గయ్య ఊది ఊది దగ్గాడు. కళ్ల నీళ్లు కారాయి.

“మల్లచ్చినప్పుడు రెండు తే. ఒకటి నీ నోటికి పడాలె, మనింట్లనే ఉండాలె.”

“సరే.”

“మరి గంత మంచి పొయ్యిలకు వంకలెందుకు పెట్టినవయ్యా?”

దుర్గయ్య కళ్లు తుడుచుకున్నాడు.

“మంచిగున్నదంటే నువ్వు ఇయ్యనిస్తుంటివా?”