గుడ్డ కింద దూరిన బంతి

నగరిలో ధనుంజయను ఎరిగినవాళ్లంతా అతడు మెత్తని మనిషనే చెబుతారు. బీఎస్సీ చదివి, నాయన తరువాత మరమగ్గాలు చూసుకుంటున్నాడు. కూతురు మోనిక విషయంలో మాత్రం అతడికి మనసు నిలవదు. ఆ పిల్ల సాఫ్ట్‌బాల్ ఆడడం మొదలుపెట్టాక హెల్మెట్ పట్టీ తానే లాగి చూస్తాడు, నీళ్లలో గ్లూకోజు తానే కలుపుతాడు, ఆమె ఆడే ప్రతి బంతినీ ఫోన్‌లో తీస్తాడు.

ఆ రోజు ఫైనల్ సత్యవేడు జట్టుతో. మైదానానికి కంచె లేదంటే ధనుంజయే తన మగ్గాల లుంగీ గుడ్డ తెచ్చి, గుంజలకు చుట్టూ కట్టాడు. కింద మేకులు కొడితే చిరిగి అమ్మకానికి పనికిరాదని అడుగు అంచు మాత్రం వదిలేశాడు.

చివరి ఇన్నింగ్స్‌లో నగరి ఒక్క పరుగు వెనక ఉంది, ఇంకొక్కరు అవుటైతే ఆట అయిపోతుంది. మొదటి బేస్‌లో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మోనిక బలంగా కొట్టింది. బంతి గుడ్డ అవతల తేలింది. గాల్లోనే దాటి హోమ్ రన్ అయితే రెండు పరుగులు, గెలిచినట్టే. పిల్లలు కేకలు వేస్తూ గెంతారు. అంపైర్ పంకజాక్షి మాత్రం రెండు వేళ్లు చూపింది.

"నేలన పడి గుడ్డ కింద దూరింది. రెండు బేసులే."

ధనుంజయ లోపలికి ఉరికాడు. "ఏం మేడమ్, సత్యవేడు మీ ఊరని ఇట్ల సెప్తారా? గాల్లోనే దాటింది. ఆ గుడ్డ కట్టినోణ్ని నేను, కింద సందే లేదు!"

"అరవద్దన్నా. హోమ్ రన్ మీద తగువొస్తే వీడియో చూద్దామని పొద్దున్నే అనుకున్నాం కదా. ఎవరన్నా తీసినారా?"

"నేనే తీసినాను. సూడండి!"

అందరూ ఫోన్ చుట్టూ మూగారు. బంతి గుడ్డకు ఇవతలే పడింది, దుమ్ము లేచింది, అంచు పైకెగిరింది. ఆ వెంటనే ఫోన్‌లోంచి ధనుంజయ గొంతే వినిపించింది: "అయ్యో, కింద దూరిపాయనే!"

పక్క వీధి మగ్గాల గురప్ప పగలబడి నవ్వాడు. "గొంతు బలే పడిందబ్బా ధనుంజయా! ఇంగోసారి ఏయ్!"

పంకజాక్షి నవ్వలేదు. ఫోన్ అతడి చేతిలో పెట్టి, "పక్కకు జరగండన్నా, పిల్లోళ్లు కాసుకోని ఉండారు" అంది. ఆ మాట ఒక తిట్టయినా బాగుండుననిపించింది అతడికి. మోనిక తలెత్తకుండా నడిచి వెళ్లి రెండో బేస్ మీద నిలబడింది. తరువాతి అమ్మాయి అవుటయింది. నగరి ఓడిపోయింది.

రోజూ వీపుకు ఆనుకుని కూర్చునే పిల్ల ఆ సాయంత్రం బండి వెనక కడ్డీ పట్టుకుని ఎడంగా కూర్చుంది. నిజంగానే దాటినట్టు కనపడిందమ్మా అనబోయి ఆగాడు. అదీ అబద్ధమే.

"మేడమ్‌కు నేను ఫోన్ చేసి తప్పయిందని సెప్తానులే, మోనీ."

"నేను సెప్పేసినా నాయనా, ఆడనే" అంది మోనిక. కొంచెం దూరం పోయాక మళ్లీ అంది: "జిల్లా జట్టు సెలక్షన్‌కు అమ్మను రమ్మను. నువ్వు రావద్దు."