హంగ్ కాదు, హ్యాంగ్డ్

నేను ఒక ఆడపిల్లను బడి మాన్పించాను. కొట్టలేదు, తిట్టలేదు. ఒక ఇంగ్లీషు మాట సరిచేశాను, అంతే. ఈ ‘అంతే’ అనే మాటను పట్టుకునే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే, చెప్పాల్సిన వాళ్లకే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

మాది భువనగిరి పక్క. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మక్తల్ దగ్గర ఒక ఊళ్లో, సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు మీడియం సెక్షన్ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. తొమ్మిదో తరగతిలో శివలీల అనే పిల్ల ఉండేది. తప్పు పోతుందేమోనన్న భయం లేకుండా ఇంగ్లీషు మాట్లాడేది ఆ క్లాసులో ఆమె ఒక్కతే. ఇంటర్వెల్లో నా దగ్గరికి వచ్చి, ఒకేలా కనిపించే మాటల జతలు అడిగేది. హియర్‌కూ లిజన్‌కూ తేడా ఏంది? సేకూ టెల్‌కూ? కట్టుకునేది హౌస్, బతికేది హోమ్ అని నేను చెప్తే, ఆ రోజంతా స్నేహితురాళ్లకు అదే చెప్పుకుంటూ తిరిగింది. అలాంటి పిల్ల ఒక్కతి ఉంటే చాలు, పంతులుకు తన మీద తనకు గౌరవం కలుగుతుంది. నాకూ కలిగింది.

ఆ ఏడు వానలు పడలేదు. శివలీల తండ్రి బసప్ప పత్తి వేశాడు, బోరు వేయించాడు. రెండూ ఎండిపోయాయి. ఒక పొద్దున చేనుగట్టు మీది వేపచెట్టుకు ఉరి వేసుకున్నాడు. పంతుళ్లమందరం వెళ్లాం. నేనూ వెళ్లాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు తెలియదు అని తర్వాత నేను అనుకోవడానికి వీల్లేదు. శివలీల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, అంత దుఃఖంలోనూ, లేచి నిలబడబోయింది. కూర్చోమని చెయ్యి ఊపాను.

దినాలయ్యాక మళ్లీ బడికి వచ్చింది. ముందు వరుసలోనే కూర్చుంది. మాటల జతలు మాత్రం అడగడం మానేసింది.

తర్వాత కొన్నాళ్లకు పైనుంచి ఒక అధికారి బడి చూడటానికి వచ్చాడు. నా క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని, ఒక్కొక్కరినీ లేపి ఇంటి సంగతులు ఇంగ్లీషులో అడుగుతున్నాడు. పిల్లలు నసుగుతున్నారు. ఒకడు తలొంచుకుని నిలబడిపోయాడు. నా పరువు పోతోందనిపించింది. అప్పుడు శివలీల వైపు చూశాను. లే అని కళ్లతోనే చెప్పాను. ఆమెను లేపింది ఆయన కాదు. నేను.

మీ నాన్న ఏం చేస్తాడు అని అడిగాడు ఆయన. ఇప్పుడు లేడు అని చెప్పింది. ఏమైంది అన్నాడు. ఆయనకు తెలియదు కదా. శివలీల తలెత్తి, ‘మై ఫాదర్ హంగ్ హిమ్‌సెల్ఫ్, సార్’ అంది.

క్లాసంతా చప్పుడు లేదు. ఆ చప్పుడు లేని చోట నేను అన్నాను, ‘హంగ్ కాదు, హ్యాంగ్డ్.’

ఇంతవరకే అయితే పొరపాటు అనుకోవచ్చేమో. ఏళ్ల తరబడి తప్పులు దిద్దిన చెవి, మాటకంటే ముందు తప్పును విన్నదని సర్దిచెప్పుకోవచ్చేమో. కానీ అక్కడితో ఆపానా? ఏమనాలో తెలియక ఇబ్బందిపడుతున్న ఆ అధికారికి వ్యాకరణంలోకి జారుకోవడం సులువనిపించినట్టుంది, ‘గుడ్, వివరించండి’ అన్నాడు. ఆ ఒక్క గుడ్ కోసం నేను సుద్దముక్క తీసుకున్నాను. రెండు మాటలూ బోర్డు మీద రాశాను. చొక్కా కొక్కేనికి వేలాడితే హంగ్, పటం గోడకు వేలాడితే హంగ్, మనిషి ఉరిపోసుకుంటే హ్యాంగ్డ్ అని చెప్పాను. వాక్యం సరిచేసి మళ్లీ అనమన్నాను. ఆమె పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ‘గట్టిగ’ అన్నాను.

అంది. ఒక్క అక్షరం తప్పు పోకుండా అంది.

తర్వాత క్లాసంతటితో అనిపించాను. వాళ్లందరూ ఒక్క గొంతుతో మా నాన్న ఉరి వేసుకున్నాడని ఇంగ్లీషులో అంటుంటే శివలీల వాళ్ల మధ్య నిలబడే ఉంది. కూర్చోమని చెప్పడం నేను మర్చిపోయాను.

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు.

కొన్ని రోజులకు వాళ్లమ్మ బాలమ్మ వచ్చింది. మధ్యాహ్నం, చేలోంచి అటే వచ్చినట్టుంది, కాళ్లకు మట్టి అట్లాగే ఉంది. స్టాఫ్‌రూమ్‌లోకి రాకుండా గడప బయటే నిలబడింది.

‘సారూ, పిల్ల బడికి పొమ్మంటే పోతలేదు. ఏమైందే అంటే చెప్తలేదు. బడిల ఎవలన్న ఏమన్న అన్నరా?’

‘ఎవలేమన్లేదమ్మా. నాయిన పోయిన రంది ఉంటది గద. జర కుదుటపడ్డంక అదే వస్తది.’

‘గంతేనంటరా సారూ?’

‘గంతే.’

ఆమె నమ్మింది. నమ్మి, ఇంకో మాట అంది. ‘మీరంటే దానికి మస్తు పాణం సారూ. ఒక్కపారి ఇంటికొచ్చి చెప్పున్రి. మీ మాట ఇంటది.’

వస్తానన్నాను. వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో నన్ను నేను చాలాసార్లు అడిగాను. తీరిక లేదని కొన్నాళ్లు, ఆమె ముఖం చూడలేకనని కొన్నాళ్లు జవాబు చెప్పుకున్నాను. రెండూ అబద్ధాలే. నిజం ఇది. ముందు వరుసలో ఆ చోటు ఖాళీగా ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆమె వస్తే రోజూ నన్ను చూస్తుంది. రాకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. హెడ్మాస్టర్ అడిగితే, ఆ పిల్ల విత్తనపత్తి చేలల్లో కూలికి పోతోందట సార్, ఇంటి పరిస్థితి బాగాలేదు అని చెప్పాను. పత్తిపూలకు పుప్పొడి అద్దే పనికి అప్పటికే చాలామంది ఆడపిల్లలు పోతుండేవాళ్లు. ఆయన అనుమానించలేదు. నేను ఆ మాట అన్న రోజుకు ఆమె ఇంట్లోనే ఉంది. తర్వాత నిజంగానే పోయింది.

క్లాసులో పిల్లలకు మాత్రం తెలుసు. వాళ్లు నన్నేమీ అనలేదు. ఇంగ్లీషులో మాట్లాడతారా అంటే మాత్రం ఆ ఏడాది మళ్లీ ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను, ఆ రెండు మాటల మధ్య తేడా చెరిగిపోతోందని, ఇంగ్లీషు తమ భాషైన వాళ్లే మనిషి విషయంలోనూ హంగ్ అనేస్తారని, దాన్ని పెద్ద తప్పుగా ఎంచరని. పుస్తకం మూసేశాను. అయినా ఆమె మాట తప్పే అయి ఉంటే నేను చేసింది ఒప్పయ్యేదా?

పోయినేడు ఒక పెళ్లికి వెళ్లి వస్తూ మక్తల్ బస్టాండులో నిలబడ్డాను. చంకలో చిన్నపిల్లతో ఒకావిడ దగ్గరికి వచ్చి, సార్ గుర్తుపట్టారా అంది. పట్టాను, శివలీలే. భర్త ఆటో నడుపుతాడని, అమ్మకు చూపు మందగించిందని చెప్పింది. బిడ్డను ఇంగ్లీషు మీడియంలో వేయాలనుకుంటున్నానని, ఏ బడిలో మంచిగా చెప్తారని అడిగింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. కనబడలేదు. మర్చిపోయిందా? మర్చిపోయినట్టు ఉండటం నేర్చుకుందా? అడిగితే తెలిసేది. అడగకుండా ఒక బడి పేరు చెప్పాను. ఇంతలో నా బస్సు వచ్చింది. అది వచ్చినందుకు లోపల సంతోషించాను.

ఆమె నవ్వుతూ పలకరించింది గనుక క్షమించినట్టేనని ఆ దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూ వచ్చాను. అది ఇంకొక దొంగతనం. ఆమె ఇవ్వనిదాన్ని నేనే తీసుకున్నాను. మీ దగ్గర కూడా దాన్ని అడగను.

బాలమ్మ గడప బయట నిలబడి అడిగిన దానికి జవాబు ఇది. అన్నది నేనే. ఆమె కూతురు నా వల్లనే బడి మానింది. వినాల్సిన మనిషి ఇక్కడ లేదని తెలుసు. అయినా ఇన్నేళ్లకు ఒక్కసారి అబద్ధం లేకుండా చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది.