హే అక్షరంలోని సందు

మంగళవారం సాయంత్రాలు గడవడం కోసం హీబ్రూ అక్షరాల తరగతిలో చేరానని గిరిజ భర్తకు చెప్పింది. మ్యూనిక్‌లో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం, సంతాన వైద్యుల దగ్గర అపాయింట్‌మెంట్లు, మిగిలిన వేళంతా ఎదురుచూపు. చికిత్స రెండుసార్లు విఫలమైంది. ల్యాబులో ఇంకొక్క పిండమే మిగిలిందని డాక్టరు చెప్పిన వారంలోనే ఆమె ఆ తరగతికి పేరిచ్చింది.

పాఠం చెప్పే లేవిన్ గారిని అక్కడి మర్యాద ప్రకారం అందరూ ఫ్రావు లేవిన్ అంటారు; లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక్కో సాయంత్రం ఒక్కో అక్షరమే చెప్పేది. ఆలెఫ్‌కు సొంత శబ్దం లేదు, అది మాటకు ముందు తీసుకునే ఊపిరి అంది. బేత్ మూడు పక్కల మూసుకుని ముందువైపు తెరుచుకున్న ఇల్లు. హే దగ్గరికొచ్చేసరికి నెమ్మదిగా గీసింది. పైన కప్పు, కుడివైపు గోడ, ఎడమవైపు కప్పుకు అంటకుండా వేలాడే చిన్న కాలు. కింద తెరిచి ఉన్నది వెళ్ళిపోయేవాళ్ళ కోసమని, పైనున్న సన్నటి సందు తిరిగొచ్చేవాళ్ళ కోసమని పెద్దలు చెప్పారట. వాళ్ళ పవిత్ర గ్రంథంలో పిల్లల్లేని ముసలి దంపతుల పేర్లలో దేవుడు ఈ అక్షరాన్ని చెరొకటి చేర్చాకే వాళ్ళకు కొడుకు పుట్టాడట.

ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో గిరిజకు వినపడలేదు.

ఇంటికొచ్చి చెబితే, భర్త దశరథ్ బెండకాయలు తరుగుతూ నవ్వాడు. "నాక్కూడ ఒకటి తేవాల్నా లేదా? ఇద్దరికి చెరొకటి ఇచ్చిండంటివి గదా. నా పేరోళ్ళకు పాయసమే పనిచేస్తదనుకున్న ఇన్నొద్దులు."

ఆమె నవ్వలేదు. అతను కత్తి పక్కన పెట్టి, స్టవ్ ఆపి, వచ్చి దగ్గర కూర్చున్నాడు.

మిగిలిన పిండాన్ని గర్భంలో పెట్టే వారం రాకముందే, ఒక ఆదివారం గిరిజ ఫ్రావు లేవిన్‌ను టీకి పిలిచింది. ఆవిడ వచ్చేసరికి బల్ల మీద ఇత్తడి పళ్ళెం, అందులో పసుపు కలిపిన బియ్యం. పుట్టబోయే బిడ్డ అక్షరాభ్యాసానికని, పెళ్ళయిన కొత్తలో హనుమకొండలో కొన్న పళ్ళెం అది. ఇన్నేళ్ళూ పాత చీరముక్కలో చుట్టి అలమరలో ఉంది. తమ వైపు మొదటి అక్షరం ఎవరూ ఒంటరిగా రాయరని, పెద్దవాళ్ళు వేలు పట్టుకుని బియ్యంలో దిద్దిస్తారని గిరిజ వివరించింది. తనచేత హే దిద్దించమని అడిగింది.

ఆవిడ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"పిల్లల్లేని మా చెల్లెలికి ఒకసారి ఈ అక్షరమే రాసిచ్చాను. దిండు కింద పెట్టుకుని చాలాకాలం నమ్మింది. నమ్మకం పోయాక నాతో మాట్లాడటం మానేసింది. ఇది మందు కాదు గిరిజా."

"నమ్మి అడగట్లేదు. వేలు పట్టుకోండి, చాలు."

ఫ్రావు లేవిన్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీ జరుపుకుని చూపుడువేలు పట్టుకుంది. కప్పు వచ్చింది, గోడ వచ్చింది. చిన్న కాలు గీసేసరికి పైనుంచి గింజలు జారి సందు పూడిపోయింది. మళ్ళీ గీశారు, మళ్ళీ పూడింది. చివరికి ఆవిడ గోటితో ఒక్కో గింజా తప్పించి దారి చేసింది. అంతసేపూ గిరిజ ఊపిరి బిగబట్టి ఉంది.

ఆవిడ వెళ్ళాక దశరథ్ ఆ బియ్యాన్ని కడిగి పాయసం వండాడు. ఈసారి హాస్యమాడలేదు.

పిండాన్ని పెట్టిన రెండు వారాలకు క్లినిక్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు గిరిజ ఆఫీసు మెట్ల మీద ఉంది. పిండం నిలవలేదని అవతలి గొంతు చెప్పి విచారం తెలిపింది. గిరిజ జర్మన్‌లో థాంక్స్ చెప్పి మీటింగుకు వెళ్ళింది. అక్కడ ఎవరేం మాట్లాడారో ఆమెకు గుర్తులేదు.

మంగళవారం దశరథ్, "ఇయ్యాల పోకు, పండుకో," అన్నాడు. ఆమె వెళ్ళింది, అందరికంటే ముందే. ఫ్రావు లేవిన్ బోర్డు తుడుస్తూ వెనక్కి తిరిగి, ముఖం చూడగానే గుడ్డ కింద పెట్టేసింది.

"నమ్మట్లేదని చెప్పాను," అంది గిరిజ. "నమ్మాను."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు రాయించారు?"

"ఒంటరిగా రాయరని చెప్పావు కదా."

మిగతావాళ్ళు ఒక్కొక్కరే లోపలికొస్తున్నారు. కాసేపుండి వెళ్ళిపోదామనుకుని గిరిజ కోటు విప్పకుండానే వెనక వరసలో కూర్చుంది. పాఠం ముగిసేదాకా లేవలేదు.