బంగారం తవ్వని మనిషి

మా బాబాయి పోయాడన్న కబురు మొన్న సోమవారం బడికి వచ్చింది, మూడో పీరియడ్‌లో. నేను పాఠం ఆపలేదు. గంట కొట్టాకే కంకిపాడు బస్సెక్కాను. ఆయన విషయంలో నేను ఎప్పుడూ ఆలస్యమే.

బాబాయి పదేళ్లు కోలారు బంగారు గనిలో, మైలుకు పైగా లోతున పనిచేశాడు. బంగారం తవ్వడానికి కాదు. న్యూట్రినో అనే కణాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు అక్కడ ఇనుప పలకలూ గాజు గొట్టాలూ పేర్చారు. ఆ గొట్టాలు తుడవడం, కెమెరాలో ఫిల్ము మార్చడం ఆయన పని.

"అది నీలోంచీ నాలోంచీ పోతానే ఉంటదమ్మా. ఎప్పుడో ఒకటి రాయికి తగిలితే గొట్టాల్లో చిన్న వెలుగు గీత పడుద్ది. దానికోసం నెలల తరబడి చూడాలి," అనేవాడు. అంత లోతెందుకు బాబాయ్ అంటే, "పైన గోలెక్కువ. ఆకాశం నుంచి వేరే కణాలు వానలా పడతాయి. అంత రాయి అడ్డముంటేనే అవి ఆగేది."

తిరిగొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. ఆదివారం అందరికంటే ముందే చర్చికి వెళ్లి, ట్యూబులైట్లు దించి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించేవాడు. ఊరికి మాత్రం ఆయన బంగారం తవ్వొచ్చిన మనిషి. పెళ్లిళ్లలో నగలు చేతికిచ్చి, మేలిమిదేనా అని అడిగేవారు. ఆయన నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. సైన్సు టీచర్ని అయివుండీ ఏనాడూ నోరు విప్పలేదు.

పోయిన నెల మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని, "నేను పోయాకన్నా చెప్పమ్మా, నేనక్కడ ఏం చేశానో. నువ్వు చెబితే ఇంటారు," అన్నాడు. మాటిచ్చాను.

మూడో రోజు ఆదరణ కూడికలో పాస్టరుగారు మంచి మనసుతోనే అన్నారు: "భూమి అడుగున బంగారం కోసం కష్టపడిన మన సహోదరుడు ఇప్పుడు పరలోకంలో బంగారు వీధుల్లో నడుస్తున్నాడు." తర్వాత నన్ను మాట్లాడమన్నారు. లేచాను. ఇంతమందిలో పాస్టరుగారి మాట కాదనడమా అనిపించింది. బాబాయి చాలా మంచివాడని చెప్పి కూర్చున్నాను. అందరితోపాటు ఆమెన్ కూడా అన్నాను. ఆ సిగ్గు నన్ను వదలదు.

మర్నాడు పొద్దున బాబాయి గదికి వెళితే, మా పెదనాన్న గునపంతో నేల తవ్వుతున్నాడు. అప్పటికే మోకాలి లోతు గుంట.

"పదేళ్లు గనిలో ఉన్నోడు ఉత్త చేతుల్తో వస్తాడా అమ్మాయ్?"

అప్పుడు చెప్పాను. గొట్టాల గురించి, ఆ వెలుగు గీత గురించి, అంతా. పెదనాన్న గునపానికి ఆనుకుని ఓపిగ్గా విన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

"కాస్త పక్కకి జరుగమ్మా, మట్టి మీద పడుద్ది," అని మళ్లీ గునపం ఎత్తాడు.